గ్రాములో పాతిక సెంట్ల నేల: కట్టె నుంచి వచ్చే ఉత్తేజిత కర్బనం లోపల ఏముంది?

శ్రీకాళహస్తిలో కలంకారీ పని జరిగే ఇళ్లలో చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గు కడ్డీలు కనిపిస్తాయి. కరక్కాయ రసం, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద తొలి గీత పడేది ఆ బొగ్గుతోనే. ఆ గీత వెంట వెదురు కలం తర్వాత నడుస్తుంది. అక్కడి నుంచి తిరుపతికి వచ్చి ఏదైనా నీళ్ల క్యాన్ల ప్లాంటులోకి తొంగిచూస్తే, నిలువెత్తు గొట్టంలో నింపిన నల్లటి పలుకులు కనిపిస్తాయి. అక్కడివాళ్లు దాన్ని 'కార్బన్' అంటారు, పూర్తి పేరు ఉత్తేజిత కర్బనం. నీటిలోని క్లోరిన్ వాసనను, రంగును తీసేసేది అదే.

రెండూ మొక్క నుంచి వచ్చిన కర్బనమే. చేత్తో పట్టుకుంటే రెండూ నల్లగా మసి అంటిస్తాయి. కానీ కలంకారీ బొగ్గును పొడి చేసి నీళ్ల గొట్టంలో నింపితే, ఆ ప్లాంటులోని కార్బన్ చేసే పనిలో చిన్న వంతు కూడా చేయదు. ఈ తేడా ఎక్కడుంది?

ఈ మధ్య నీటి శుద్ధి యంత్రాల ప్రకటనల్లో 'నానో కార్బన్' అన్న మాట తరచుగా వస్తుండటంతో ఈ ప్రశ్నకు గందరగోళం కూడా తోడైంది. అదేదో కొత్త పదార్థమని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముఖ తొడుగుల్లో వాడిన బొగ్గులోనూ నానోమీటరు స్థాయి సందులే పని చేశాయి. ఉత్తేజిత కర్బనం ఏదైనా పని చేసేది ఆ కొలతలోనే. ఆ సందులు ఏ ఆకారంలో ఉన్నాయి, వాటి గోడలు దేనితో కట్టినవి అన్న ప్రశ్నకు మాత్రం డెబ్బై ఏళ్లకు పైగా వెతుకుతున్నా పూర్తి సమాధానం దొరకలేదు.

అలిపిరి దారంత పలుకు, వేలెడు పగులు

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈ మాట చెప్పినంత మాత్రాన మనసుకు ఏమీ అందదు కాబట్టి ఒక లెక్క వేద్దాం. ప్రతి కొలతనూ కోటి రెట్లు పెంచామనుకోండి. 1 నానోమీటరు 1 సెంటీమీటరు అవుతుంది, అంటే చిటికెన వేలి వెడల్పు. అదే లెక్కలో ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఉన్న కార్బన్ పలుకు సుమారు 9 కిలోమీటర్లకు పెరుగుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు మెట్ల దారి ఎంతో ఇంచుమించు అంత. ఆ తొమ్మిది కిలోమీటర్ల కొండలో ఎక్కడ చూసినా వేలు పట్టేంత పగుళ్లే, వాటి మధ్య గోడలు వేలికన్నా సన్నం. ఉత్తేజిత కర్బనం గురించి పెట్టుకోదగిన మొదటి ఊహాచిత్రం ఇది.

ఇదే కొలతలో గాలిలోని నత్రజని అణువు పెసర గింజంత, అయోడిన్ అణువు కంది గింజంత ఉంటాయి. చెరకు రసానికి ముదురు రంగునిచ్చే పెద్ద అణువులు నిమ్మకాయంత ఉండవచ్చు. వేలెడు పగుల్లో పెసర గింజ హాయిగా దూరుతుంది, నిమ్మకాయ దూరదు. ఏ కార్బన్ దేనికి పనికొస్తుందన్న విషయంలో సగం ఈ పోలికలోనే ఉంది.

శాస్త్రవేత్తలు ఈ రంధ్రాలను మూడు జాతులుగా విడదీశారు. 2 నానోమీటర్లకన్నా సన్ననివి సూక్ష్మరంధ్రాలు, 2 నుంచి 50 వరకు మధ్యరంధ్రాలు, అంతకు మించినవి స్థూలరంధ్రాలు. పేర్లు తికమక పెడతాయి. ఇక్కడ 'సూక్ష్మ' అన్నది మైక్రోమీటరును సూచించదు, నానోమీటరు స్థాయినే సూచిస్తుంది.

మరొక మాట అధిశోషణం. నూలు గుడ్డ నీటిని పీల్చుకుంటే అది శోషణ. నీరు గుడ్డ లోపలంతా వ్యాపిస్తుంది. అధిశోషణంలో అణువు ఉపరితలానికి అంటుకుని అక్కడే నిలిచిపోతుంది. గోడకు, అణువుకు మధ్య ఉండే ఆకర్షణ చాలా బలహీనం. అయితే సన్నని సందులో అణువును రెండు వైపుల గోడలూ ఒకేసారి లాగుతాయి. అందుకే విశాలమైన రంధ్రంకన్నా ఇరుకు సందు గట్టిగా పట్టుకుంటుంది.

చెట్టు కట్టిన గొట్టాలు, నిప్పు తీసిన సందులు

కట్టెలో ప్రధానంగా మూడు పదార్థాలు ఉంటాయి: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. గాలి తగలకుండా వేడి చేస్తే ముందు హెమీసెల్యులోజ్, 300 డిగ్రీలు దాటాక సెల్యులోజ్ విడిపోతాయి. లిగ్నిన్ మొండిది. తక్కువ వేడికే మొదలై చాలా ఎక్కువ వేడి దాకా నెమ్మదిగా విడిపోతూ ఉంటుంది. నీటి ఆవిరి, పొగ, తారు బయటికి పోయాక మిగిలేది బొగ్గు. సర్కారు తుమ్మ మొద్దులను మట్టి కప్పి కాల్చే బొగ్గు బట్టీలో జరిగేది ఇదే. 100 కిలోల ఎండు కట్టెకు 25 నుంచి 30 కిలోల బొగ్గు మిగులుతుంది.

ఇక్కడ ఒక అందమైన సంగతి ఉంది. కట్టె కరగదు. అందువల్ల అది కాలినా లోపలి కట్టడం కూలిపోదు. చెట్టు బతికున్నప్పుడు వేళ్ల నుంచి ఆకులకు నీరు మోసిన నాళాలు కుంచించుకుపోయినా బొగ్గులో అలాగే నిలిచి ఉంటాయి. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా తేనెతుట్టెలా కనిపించేవి అవే. మన కోటి రెట్ల కొలతలో ఆ నాళం వెడల్పు అర కిలోమీటరు. దాన్ని చూసి "ఇదిగో కార్బన్ రంధ్రాలు" అని చాలా పుస్తకాల్లో ఫొటోలు వేస్తారు. ఆ ఫొటోలు పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తాయని నా అభిప్రాయం. నీటిలోని అణువులు లోపలికి వెళ్లే రహదారులు అవి. అణువులు ఆగి నిలిచే గదులు వాటి గోడల లోపల ఉన్నాయి, ఆ ఫొటోలో కనిపించవు.

ఆ గదులను తెరిచే పనినే ఉత్తేజపరచడం అంటారు. మామూలు బొగ్గులో సన్నని సందులు కొన్ని ఉన్నా, చాలావాటిని తారు లాంటి మడ్డి మూసేసి ఉంటుంది. ఒక పద్ధతిలో 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర బొగ్గు మీదికి నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి కర్బనంతో కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులుగా వెళ్లిపోతుంది. అంటే ఆవిరి బొగ్గును కొంచెం కొంచెంగా తినేస్తుంది. ముందు అడ్డుగా ఉన్న మడ్డిని, తర్వాత గోడలను. బొగ్గులో సగం దాకా ఇలా పోగొట్టుకుంటేనే మంచి కార్బన్ వస్తుంది. 100 కిలోల కట్టె చివరికి 12, 15 కిలోలకు తగ్గుతుంది.

రెండో పద్ధతి కట్టె పొట్టుకు బాగా సరిపోతుంది. పొట్టును ముందే ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి 400 నుంచి 600 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆమ్లం కట్టె నుంచి నీటిని లాగేసి, తారు ఎక్కువగా పుట్టకుండా చూస్తుంది. కాలుతున్న పదార్థం పూర్తిగా కుంచించుకుపోకుండా మధ్యలో చోటు పట్టి ఉంచుతుంది. ఆమ్లాన్ని కడిగేస్తే అది కూర్చున్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. ఈ దారిలో వచ్చిన కార్బన్‌లో సన్నని సందులతో పాటు మధ్యరంధ్రాలూ ఎక్కువగా ఉంటాయి.

పాతిక సెంట్లు ఎలా కొలిచారు?

ఒక గ్రాము ఉత్తేజిత కర్బనంలో 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందని చదువుతుంటాం. ఒక సెంటు నేల సుమారు 40 చదరపు మీటర్లు కాబట్టి అది పాతిక సెంట్ల నేల. నాలుగు గ్రాములకు ఒక ఎకరం. కొన్ని రకాల విషాలు మింగినవారికి ఆసుపత్రిలో ఒక్కసారి 50 గ్రాముల కార్బన్ పట్టిస్తారు. అంటే కడుపులోకి పన్నెండు ఎకరాలు పంపుతున్నారన్నమాట. వినడానికి బాగుంది. కానీ కంటికి కనిపించని ఆ నేలను ఎవరు, ఏ గొలుసుతో కొలిచారు?

కొలిచే గొలుసు నత్రజని అణువు. పశువైద్యశాలలో వీర్యనాళికలను నిల్వ చేసే పొగలు కక్కే డబ్బాను మన పాడి రైతులు చూసే ఉంటారు. అందులోని ద్రవ నత్రజని చల్లదనం మైనస్ 196 డిగ్రీలు. ఆ చల్లదనంలో కార్బన్‌ను ఉంచి, కొంచెం కొంచెంగా నత్రజని వాయువును పంపుతారు. అణువులు గోడల మీద అంటుకుంటూ పోతాయి. గోడనంతా ఒక్క వరుసలో కప్పడానికి ఎంత వాయువు పట్టిందో లెక్కగడతారు. 1938లో బ్రూనావర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు ఇచ్చిన సూత్రం ఇందుకు ఆధారం. వారి పేర్ల తొలి అక్షరాలతో దీన్ని బీఈటీ పద్ధతి అంటారు.

ఉదాహరణకు ఒక గ్రాము కార్బన్ మీద ఒక్క వరుసకు 230 ఘనపు సెంటీమీటర్ల నత్రజని పట్టిందనుకోండి. ప్రామాణిక పరిస్థితుల్లో 22,414 ఘనపు సెంటీమీటర్ల వాయువులో 6.022ను పదితో 23 సార్లు గుణిస్తే వచ్చేన్ని అణువులు ఉంటాయి. ఆ నిష్పత్తిలో మన 230 ఘనపు సెంటీమీటర్లలో సుమారు 6.18 కోట్ల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. ఒక్కో అణువు ఆక్రమించే చోటు 0.162 చదరపు నానోమీటర్లు అని గుణిస్తే మొత్తం దాదాపు 1000 చదరపు మీటర్లు వస్తుంది. పాతిక సెంట్లు వచ్చింది ఇలా.

ఈ లెక్కకు ఒక లోపం ఉంది. సందు ఒక్క అణువు మాత్రమే పట్టేంత ఇరుకైతే, ఆ ఒక్క అణువే రెండు గోడలనూ తాకుతుంది. రెండు గోడలకు కలిపి ఒకే అణువును లెక్కిస్తాం కాబట్టి నేల తక్కువగా తేలుతుంది. సందులో మూడు అణువులు అడ్డంగా పడితే నడిమి అణువు ఏ గోడనూ తాకదు, అయినా దాన్నీ లెక్కలో వేస్తే నేల ఎక్కువగా తేలుతుంది. అందుకే సూక్ష్మరంధ్రాలు నిండా ఉన్న పదార్థానికి బీఈటీ అంకెను అక్షరాలా విస్తీర్ణంగా తీసుకోకూడదు. ఒక కార్బన్‌ను మరో కార్బన్‌తో పోల్చడానికి అది మంచి కొలబద్ద.

ఒక చిన్న భాగహారం చెప్పే పెద్ద సంగతి

లోపాలున్నా ఆ అంకె ఒక గొప్ప రహస్యాన్ని బయటపెడుతుంది. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌ను గుర్తు చేసుకోండి. అందులో కర్బన పరమాణువులు ఆరు మూలల వలయాలుగా కలిసి చదునైన రేకులు కడతాయి. ఆ రేకులు 0.335 నానోమీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి, కట్టగట్టిన విస్తరాకుల్లా.

ఒక గ్రాము కర్బనమంతటినీ ఒకే ఒక్క రేకుగా పరిస్తే ఎంత నేల వస్తుంది? పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లని తెలుసు. దాన్నుంచి ఒక్కో పరమాణువు వాటా 0.0262 చదరపు నానోమీటర్లని తేలుతుంది. గ్రాములో ఉన్న పరమాణువులన్నిటికీ గుణిస్తే ఒక వైపు 1315, రెండు వైపులా కలిపి 2630 చదరపు మీటర్లు. ఇప్పుడు రెండేసి రేకులను అంటించి పేర్చితే లోపలి ముఖాలు మూసుకుపోతాయి, 1315 మిగులుతుంది. మూడేసి పేర్చితే 877. పదేసి పేర్చితే 263 మాత్రమే.

మన కార్బన్ కొలత 1000. అంటే దాని గోడల మందం సగటున రెండు మూడు రేకులకు మించడం లేదు. ఏ సూక్ష్మదర్శినీ లేకుండా ఒక భాగహారంతో పరమాణువుల దాకా వెళ్లగలిగాం.

దీనితో మనకు అలవాటైన ఒక బొమ్మ చెరిగిపోవాలి. ఉత్తేజిత కర్బనాన్ని అట్టు మీద కన్నుల్లా, రాయికి తూట్లు పడ్డట్టు గీస్తుంటారు. గట్టి ముద్ద ఉండి దానిలో రంధ్రాలు ఉంటేనే ఆ బొమ్మ సరిపోతుంది. ఇక్కడ ముద్దే లేదు. ఉన్నవన్నీ రెండు మూడు రేకుల మందం గల గోడలు, వాటి మధ్య ఎడం. ఎండకు ముడుచుకుపోయిన విడి విస్తరాకులను గోనెసంచిలో కుక్కారనుకోండి. ఎంత అదిమినా అవి కట్టలా సర్దుకోవు. ఆకుల మధ్య మిగిలిన ఖాళీలే రంధ్రాలు. వాటికి గుండ్రని నోరు, లోతు, అడుగు అంటూ ఏమీ ఉండవు.

సంచి మీద అంకెలు

కార్బన్ అమ్మేవాళ్లు బీఈటీ కొలత కన్నా 'అయోడిన్ వాల్యూ' గురించి ఎక్కువగా మాట్లాడతారు. 900 అని రాసి ఉంటే, పరీక్షలో ఒక గ్రాము కార్బన్ 900 మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టుకుందని అర్థం. తన బరువుకు దాదాపు సమానమైన బరువు. అయోడిన్ చిన్న అణువు కాబట్టి ఈ అంకె సన్నని సందుల లెక్క చెబుతుంది. పెద్ద అణువులకు చోటుందా లేదా అన్నది దీనిలో తెలియదు. దానికి మొలాసిస్ పరీక్ష ఉంది. చెరకు మొలాసిస్ రంగును ఎంత తీసేయగలదో చూస్తారు.

కొబ్బరి చిప్పల నుంచి ఆవిరితో చేసిన కార్బన్‌లో సూక్ష్మరంధ్రాలదే పైచేయి. క్లోరిన్ నీటికి, వాయువులకు అది బాగా సరిపోతుంది, గట్టిగా ఉండి త్వరగా పొడి కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన కట్టె కార్బన్‌లో మధ్యరంధ్రాలు ఎక్కువ కాబట్టి చక్కెర ద్రావణాల రంగు తీయడానికి దానివైపు మొగ్గుతారు. రెండింటిలో ఏది మేలన్న వాదన అందుకే అర్థం లేనిది. కంది గింజను పట్టాలా, నిమ్మకాయను పట్టాలా అని ముందు అడగాలి.

చిత్తూరు వైపు బోరు నీటి మీద ఆధారపడే కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. కాల్షియం వంటి లవణాలు నీటిలో విద్యుదావేశంతో కరిగి ఉంటాయి, చుట్టూ నీటి అణువులను గట్టిగా కప్పుకుని. కర్బన రేకుకు వాటిమీద పట్టు చిక్కదు. ఫ్లోరైడ్ పరిస్థితీ దాదాపు ఇదే. కార్బన్ ఎంత 'నానో' అయినా నీటి కాఠిన్యాన్ని తగ్గించదు. క్లోరిన్ సంగతి వేరు. అది కర్బనం ఉపరితలం మీద రసాయనికంగా మారిపోయి, క్లోరైడ్‌గా నీటిలోకి తిరిగి వెళుతుంది. అంటే మనం 'పీల్చుకోవడం' అని చెప్పుకునేదంతా ఒకే రకం పని కాదు.

చింతపుల్ల ఎందుకు పెన్సిల్ కాదు?

విస్తరాకులు ఎందుకు ముడుచుకున్నాయన్న దగ్గర అసలు వివాదం మొదలవుతుంది.

డీఎన్‌ఏ నిర్మాణ పరిశోధనతో పేరు నిలిచిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ అంతకుముందు బొగ్గు మీద పని చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో గని బొగ్గులోని రంధ్రాలను హీలియం వాయువుతోను, పెద్ద అణువుల ద్రవాలతోను కొలిచారు. హీలియం దూరిన చోటికి పెద్ద అణువులు దూరలేకపోవడాన్ని గమనించారు. తర్వాత పారిస్‌లో ఎక్స్ కిరణాలతో కర్బనాల లోపలికి చూశారు. ఒక ప్లాస్టిక్‌ను 1000 డిగ్రీల దగ్గర కాల్చగా వచ్చిన కర్బనంలో 65 శాతం పరమాణువులు సుమారు 1.6 నానోమీటర్ల వెడల్పు గల చదునైన గ్రాఫైట్ రేకుల్లో ఉన్నాయని, మిగిలినవి క్రమం లేకుండా ఉన్నాయని తేల్చారు. మన లెక్క ప్రకారం అంత రేకులో ఉండేవి 77 పరమాణువులే.

1951లో ఆమె ప్రచురించిన పత్రం కర్బనాలను రెండు కులాలుగా విడదీసింది. పెట్రోలియం నుంచి వచ్చే కోక్ వంటివి 3000 డిగ్రీల దాకా వేడి చేస్తే గ్రాఫైట్‌గా మారిపోతాయి. మరికొన్ని అంత వేడిలోనూ మారవు. కట్టె బొగ్గు ఈ రెండో రకం. చింతపుల్ల బొగ్గును ఎంత కాల్చినా పెన్సిల్ ములుకు కాదు. ఆమె ఇచ్చిన వివరణ ఇది: తారు లాంటి పదార్థాలు వేడికి మెత్తబడి ప్రవహిస్తాయి, ఆ దశలో రేకులు ఒకే వైపుకు తిరిగి సర్దుకుంటాయి. కట్టె అలా మెత్తబడదు. దాని చిన్న చిన్న రేకుల కట్టలు ఎటుపడితే అటు తిరిగి ఉండి, వాటి మధ్య గట్టి అడ్డబంధాలు ఏర్పడతాయి. ఆ బంధాలు వాటిని కదలనివ్వవు.

ఈ చిత్రం దశాబ్దాల పాటు నిలిచింది. 1971లో జెంకిన్స్, కవమురా గాజు లాంటి కర్బనానికి మరో చిత్రం ఇచ్చారు. రేకులు పొడవాటి రిబ్బన్లలా ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయన్నారు. కానీ రెండు చిత్రాలకూ ఒకే ప్రశ్న ఎదురైంది. 3000 డిగ్రీల వేడికి అడ్డబంధాలు తెగిపోవాలి, చిక్కులు విడిపోవాలి. అయినా రేకులు ఎందుకు సర్దుకోవడం లేదు?

ఐదు మూలల కన్ను

సమాధానానికి కొత్త దారి అనుకోని వైపు నుంచి వచ్చింది. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ 60 కర్బన పరమాణువుల బంతిని కనుగొన్నారు. 1996లో వారికి నోబెల్ వచ్చింది. ఆ బంతి చెప్పిన పాఠం ఇది: ఆరు మూలల వలయాలు మాత్రమే ఉంటే రేకు చదునుగా ఉంటుంది, మధ్యలో ఐదు మూలల వలయం చేరితే వంగుతుంది.

ఇంట్లోనే చూడవచ్చు. గుండ్రని కాగితాన్ని ఆరు సమాన ముక్కలుగా గుర్తు పెట్టి, ఒక ముక్కను కత్తిరించి అంచులు కలపండి. కాగితం పొట్లంలా పైకి లేస్తుంది. దాన్ని చింపకుండా మళ్లీ చదును చేయలేరు. వెదురుబద్దలతో ఆరు మూలల కన్నులు వచ్చేలా అల్లే బుట్టలోనూ ఇదే సూత్రం. అడుగు చదునుగా ఉన్నంతవరకు ఆరు మూలల కన్నులే, గోడగా వంచవలసిన మూలలో ఐదు మూలల కన్ను వేస్తారు. ఏడు మూలల వలయం చేరితే రేకు గుర్రపు జీనులా రెండు వైపులకూ వంగుతుంది.

1997లో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హారిస్, త్సాంగ్‌తో కలిసి ఈ సూత్రాన్ని బొగ్గుకు వర్తింపజేశారు. గ్రాఫైట్‌గా మారని కర్బనాల్లో ఐదు, ఏడు మూలల వలయాలు అక్కడక్కడా కలిసిపోయి ఉన్నాయని, అందువల్ల రేకులు పుట్టుకతోనే వంకరగా ఉన్నాయని ప్రతిపాదించారు. బాగా వేడి చేసిన నమూనాల్లో మూసుకుపోయిన బోలు కణాలు సూక్ష్మదర్శినిలో కనిపించడం వారికి ఆధారం. 2008లో హారిస్, జపాన్ పరిశోధకులతో కలిసి, మెరుగైన కటకాలున్న ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఉత్తేజిత కర్బనాన్ని పరమాణువుల స్థాయిలో చిత్రించి, ఐదు మూలల వలయాల ఆనవాళ్లు ఉన్నాయని నివేదించారు.

ఈ వాదానికి ఉన్న బలం స్పష్టం. వంకర వలయాల అమరికలోనే ఉంటే, ఎంత వేడి చేసినా చదును కావడానికి రేకునే తెంచి మళ్లీ అల్లాలి. మొండితనానికి కారణం దొరికినట్టే. రంధ్రాలు ఎందుకు మూసుకుపోవో కూడా తెలుస్తుంది.

ప్రశ్నలూ ఉన్నాయి. 2000 డిగ్రీలకు పైగా వేడి చేసిన నమూనాలో కనిపించిన వంపు మొదటి నుంచీ ఉన్నదా, ఆ వేడిలో రేకుల విడి అంచులు కలిసిపోయి పుట్టిందా? నీళ్ల ప్లాంటులోని కార్బన్ ఆ వేడిని ఎన్నడూ చూడలేదు. పైగా దాని రేకుల అంచుల నిండా ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులు అంటి ఉంటాయి. వాటి ప్రభావాన్ని శుద్ధ కర్బన బొమ్మ పట్టించుకోదు. ఫ్రాంక్లిన్ కొలిచిన చదును రేకుల లెక్కను కూడా ఎవరూ తప్పని తేల్చలేదు. చిన్న చదును ముక్కలు, వాటిని కలిపే వంపు ముక్కలు రెండూ ఉండవచ్చు. నాకు ఈ మధ్యేమార్గమే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ ఏది ఎంత పాలు అన్న చోట మాటలు ఆగిపోతాయి, కొలతలు కావాలి.

కొలతలు ఎందుకు తేల్చలేకపోతున్నాయి?

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపేది నీడను. 10 నానోమీటర్ల మందం గల తునకలో కూడా ముప్పై దాకా రేకులు అడ్డుపడవచ్చు. పలచని కాగితాల మీద ముప్పై ముగ్గులు వేసి, అన్నిటినీ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. వేయని చుక్కలు, గీయని ఐదు మూలల గళ్లు కూడా కనిపిస్తాయి. తునక అంచున ఒకే రేకు ఉన్న చోటు దొరికితేనే నమ్మకంగా చెప్పగలం, అంచు మాత్రం లోపలి భాగానికి ప్రతినిధి అనలేం. ఎలక్ట్రాన్ల వేగం పెరిగితే అవి పరమాణువులను వాటి చోటు నుంచి తన్నేస్తాయి. సుమారు 80 కిలోవోల్టులు దాటితే ఆ ప్రమాదం మొదలవుతుంది. చూసే చూపే వస్తువును మార్చేస్తుంది.

ఎక్స్ కిరణాలు నమూనా మొత్తాన్ని ఒకేసారి చూస్తాయి. గ్రాఫైట్ పదునైన శిఖరాలు చూపే చోట ఈ కర్బనం పరచుకున్న గుట్టలను చూపుతుంది. ఆ గుట్ట వెడల్పు నుంచి రేకుల పరిమాణం అంచనా వేస్తారు. అయితే చిన్న చదును రేకు, పెద్ద వంపు రేకు ఒకే రకం గుట్టను ఇవ్వగలవు. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ప్రభావం మీద నడిచే పరికరం క్రమం, అక్రమం రెండింటికీ వేర్వేరు సంకేతాలిస్తుంది. కానీ ఆ అక్రమం రేకు అంచువల్ల వచ్చిందా, ఐదు మూలల వలయంవల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం. కంప్యూటర్లో పరమాణువులను వేడి చేసి చల్లార్చి కర్బనం 'వండే' నమూనాల్లో ఐదు, ఏడు మూలల వలయాలు తప్పకుండా వస్తాయి. ఎన్ని వస్తాయన్నది చల్లార్చే వేగాన్ని బట్టి మారుతుంది. అసలు బట్టీకి ఏ వేగం దగ్గరో నిర్ణయించుకోవలసింది మనిషే.

2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు వైపు ఉన్న ఐఐటీ, ఐసర్‌లలో రసాయన, పదార్థ శాస్త్రాలు చదివే మన పిల్లలకు ఇది పాత సమస్యలా అనిపించవచ్చు. సోడియం బ్యాటరీలు దాన్ని మళ్లీ ముందుకు తెచ్చాయి. ఆ బ్యాటరీల రుణధ్రువంలో గ్రాఫైట్ సరిగా పని చేయదు. అక్కడ వాడేది గ్రాఫైట్‌గా మారని హార్డ్ కార్బన్, దాన్ని కట్టె నుంచీ చేస్తున్నారు. 2000లో స్టీవెన్స్, డాన్ ఆ కర్బనాన్ని పేకమేడతో పోల్చారు. బ్యాటరీ నింపుతున్నప్పుడు వోల్టేజి గీత ముందు వాలుగా దిగి, తర్వాత చదునుగా సాగుతుంది. వాలు భాగంలో సోడియం రేకుల మధ్యకు దూరుతోందని, చదును భాగంలో సందుల్ని నింపుతోందని వారి వివరణ. తర్వాత కొందరు ఈ క్రమాన్ని తిరగేశారు. ముందు అంచులకు, లోపాలకు అంటుకుంటుందని, రేకుల మధ్యకు తర్వాత వెళుతుందని వారి వాదన. ఏ వాదం సరైనదో చెప్పాలంటే ఆ రేకులు చదునా, వంకరా, వాటి మధ్య ఎడం ఎంత అన్నది ముందు తెలియాలి.